చెక్కుచెదరని అతుకు

చిరంజీవి పెద్దోడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే మీ నాన్న, నేను, షెడ్డు గుమ్మంలో పడుకునే కుంటి కుక్క. నువ్వు వేళకి తింటున్నావనీ, ఆ గాజు ఫ్యాక్టరీ వేడిలో ఒళ్ళు పాడుచేసుకోవడం లేదనీ అనుకుంటున్నాను. ఫోన్‌లో నీకు "ఊ", "బాగానే ఉన్నా" తప్ప మూడో మాట రాదు. కాగితం మీద మాత్రం బాగానే మాట్లాడతావు. నయం, మీ నాన్నకి కాగితం మీద కూడా రాదు.

పోయిన ఉత్తరంలో చాలా అడిగావు. ఒక్కొక్కదానికే జవాబు రాస్తాను. నువ్వు చివర అడిగినదానికి మాత్రం చివరే రాస్తాను. నీకు చిన్నప్పటినుంచీ ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఆఖరి పేజీ తిప్పే అలవాటు ఉంది. ఈ ఒక్కసారికీ అమ్మ మాట విని వరసగా చదువు.

కుక్క బతికే ఉంది. మీ చెల్లి పోయి ఏడాది దాటింది కదా, అది మాత్రం ఇప్పటికీ ఆ సొట్టపోయిన రేకు గిన్నెలో పెడితేనే తింటుంది. మొన్న జాలిపడి కొత్త గిన్నెలో పెడితే నా మొహంలోకి ఒకసారి చూసి లేచి వెళ్ళిపోయింది. మన పిడుగు దాన్ని అలా తయారుచేసి పోయింది. నేను తిట్టుకుంటూనే పాత గిన్నె కడిగి పెట్టాను.

మీ నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. దాని సంగతి నేను రాయడం దేనికి, ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

క్యాంటీన్‌లో వడ్డించే అమ్మాయి గురించి నువ్వేమీ రాయలేదనుకుంటున్నావు. పప్పు బాగుందని రాసిన చోట ఆ అమ్మాయి, వాన పడిందని రాసిన చోట ఆ అమ్మాయి, చెప్పులు తెగాయని రాసిన చోటా ఆ అమ్మాయే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం. నీకు నవ్వడం మళ్ళీ వచ్చిందని మాత్రం అర్థమైంది. అందుకు ఆ పిల్లకి ఎప్పుడూ రుణపడే ఉంటాను. ఈ ఉత్తరం రాయాల్సి రావడం కూడా ఆ పిల్ల వల్లే.

ఇక నీ బండి.

"వెనకదంతా కోసిపారెయ్యమ్మా, హార్డ్‌టెయిల్ చెయ్యి. ఒక్క సీటే ఉండాలి. నా వెనక ఇంకెవరూ కూర్చునే చోటే ఉండకూడదు" అని నువ్వు రాసినప్పుడు మీ నాన్న, "ఎందుకొచ్చిన పీడ, తుక్కుకి వేసేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ బండి నాకంటే వయసులో పెద్దది. నువ్వింకా కడుపులో ఉండగా మేమిద్దరం కలిసి దాన్ని తుక్కు కొట్లోంచే తెచ్చుకున్నాం. ఇంజిను ఆయన బాగుచేశారు, ఫ్రేము నేను అతికాను. ఈ షెడ్డులో మొదటినుంచీ అదే పద్ధతి. ఇంజిను ఆయనది, ఇనుము నాది. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం. పెడితే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు.

హార్డ్‌టెయిల్ అంటే, వెనక స్ప్రింగులు లేకుండా చెయ్యడమంటే, కోసేయడమేగా అనుకుంటారు చాలామంది. కోయడం ఒక పూట పని. అసలు పని కోతకి ముందు, కోత తర్వాత. ముందు ఫ్రేమును మందపాటి ఇనప బల్లకి కదలకుండా బిగించాలి. బిగించకుండా కోశామా, వెనకభాగం ఊడిన మరుక్షణం ముందుభాగం తన దారిన తాను విచ్చుకుంటుంది. అలా బిగించి, స్ప్రింగులు, షాకబ్జర్లు, వెనక చక్రాన్ని పట్టుకుని వాటి మీద ఊగే స్వింగార్మ్ అన్నీ విప్పేసి, సీటు వెనక నుంచి నరికాను. అక్కడినుంచి వెనక చక్రం ఇరుసు దాకా కొత్త గొట్టాలు తిన్నగా వేశాను. గొట్టం కొసని ఆకురాయితో అరగదీసి అరగదీసి, రెండో గొట్టాన్ని పెదవులతో పట్టుకున్నట్టు కూర్చోబెట్టాను. వెనక దీపం పెట్టి చూసినా సందులోంచి వెలుతురు రాలేదు. చక్రం స్థానంలో ఉత్త కడ్డీ దూర్చి, ముందు హ్యాండిలు దూరే మెడ నుంచి వెనక ఇరుసు దాకా దారం లాగి చూశాను. దారం సరిగ్గా నడిమధ్య నుంచి పోయింది. మీ అమ్మకి చూపు తగ్గిందని బయట అనుకుంటున్నారట. వాళ్ళని వచ్చి ఈ దారం చూడమను.

ఇరుసు ఎంత కిందికి దించావని అడిగావు. నువ్వు చెప్పినంత దించలేదు, అంత దించితే ఇంజిను పొట్ట ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కీ తగులుతుంది. నీ నడుముకి మాత్రం నేను హామీ ఇవ్వలేను. స్ప్రింగు లేని బండి. చక్రం గులకరాయి ఎక్కినా నీ వెన్నుపూసకి కబురొస్తుంది. గొట్టాలన్నీ టాకాలు వేసి నిలబెట్టాను, పూర్తి అతుకు ఇంకా వేయలేదు. ఎందుకు వేయలేదో చెప్తాను.

ఇక్కడినుంచి నువ్వెరిగినవి కూడా మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. అన్నీ వరసగా రాయకపోతే ఆఖరిది రాయడానికి నా చెయ్యి రాదు.

పోయిన ఉత్తరంలో నేనేం రాశాను? వెనకభాగం నరికినప్పుడు, స్వింగార్మ్ తగిలించే ఇనప గూటి దగ్గర పాత పగులు బయటపడిందని రాశాను. అది నా చేతి అతుకేనని రాశాను. అంత పాత బండ్లలో గొట్టం వెళ్ళి ఇనప గూట్లో దూరుతుంది, ఆ సందు నిండా ఇత్తడి కరిగించి పారించాలి. ఒక పక్క ఇత్తడి అందక అతుకు ముందే విడిపోయి ఉందనీ, నువ్వు చెల్లిని ఎక్కించుకెళ్ళిన ఆ రోజు మలుపులో వెనక చక్రం దానంతటదే పక్కకి తిరిగి ఉంటుందనీ రాశాను. మీ చెల్లి పోవడంలో తప్పు నీది కాదు, నాది అని రాశాను.

దానికి నువ్వు రాసిన జవాబు నాకు కంఠతా వచ్చు. "అమ్మా, ఈ వారం నిద్రపోయాను" అని మొదలుపెట్టావు. ఎవరో నీ గుండెల మీంచి దిమ్మ దించినట్టుందని రాశావు. "నీమీద కోపం లేదమ్మా, నిన్ను క్షమించాను" అని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర కాగితం కలం మొనకి చిరిగి ఉంది. అది రాయడానికి నువ్వెంత కష్టపడ్డావో ఆ చిరుగు చూస్తేనే తెలిసింది.

ఆ వెనకే ఇంకొకటి రాశావు. అదీ నాకు కంఠతా వచ్చు.

"ఫోర్‌మన్ బండి అడిగి తీసుకున్నానమ్మా. ఆ అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని రిజర్వాయరు రోడ్డు మీదికి వెళ్ళాను. అక్కడ అచ్చం మన మలుపు లాంటి మలుపే ఉంది. కావాలనే యాక్సిలేటరు వదల్లేదు. ఆ రోజు ఎంత స్పీడులో ఉన్నానో అంతలోనే తిప్పాను. ఏమీ కాలేదు. బండి మంచిదైతే మనిషికేం కాదమ్మా."

అది చదివి నేను బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయాను. చేతిలో గ్యాసు మంట ఇంకా మండుతూనే ఉంది. మీ నాన్న వచ్చి గ్యాసు కట్టేసి వెళ్ళిపోయారు.

ఉత్తరం చివర అడిగావు: "ఆ పగిలిన ముక్క పారెయ్యకమ్మా, నాకు పంపు, దగ్గర పెట్టుకుంటాను" అని.

పెద్దోడా, పగిలిన ముక్క లేదు. పగులే లేదు. నేను నీకు అబద్ధం రాశాను.

లేచి బయటికి పోకు. కూర్చుని మిగతాది కూడా చదువు.

నువ్వు హార్డ్‌టెయిల్ చెయ్యమంటే నేను వెంటనే సరేనన్నది నీ ముచ్చట తీర్చడానికి కాదు. ఆ ఇనుము లోపల ఏముందో చూడాలని. నరకడానికి ముందే ఫ్రేమంతా కిరసనాయిలు పూసి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాను. పగులుంటే లోపలికి పోయిన నూనె మళ్ళీ ఊరి, సుద్ద మీద గీత కనబడుతుంది. నీకు నేర్పిందీ నేనే కదా. ఒక్క గీత కోసం ఆ పక్కనే కూర్చున్నాను. వెంట్రుకంత గీత చాలు నాకు. సుద్ద తెల్లగానే ఉండిపోయింది. సరే, లోపల ఉందేమోనని, నరికాక ఆ గూటిని నిలువునా రెండుగా కోసి చూశాను. ఇత్తడి చుట్టూరా పారి ఉంది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా గాలి బుడగ లేదు. ఇన్నేళ్ళు నా అతుకు గురించి నలుగురూ మెచ్చుకుంటుంటే లోలోపల మురిసిపోయినదాన్ని, నా చేతి పనిలో ఒక్క లోపం కనబడితే చాలని ఆ రోజు ఏడ్చాను. నేను పని చేతకానిదాన్నై ఉంటే నా కొడుకు బతుకుతాడు అనిపించింది.

ఎందుకు అలా అనిపించిందంటే, అంతకుముందే నీ గదిలో ఉండే ఫర్నేసు ఆపరేటరు నాకు ఉత్తరం రాశాడు. నీకు తెలియదు. అతన్ని ఏమీ అనకు, మంచి మనిషి. "పిన్నిగారూ, మీవాడు భోజనం మానేశాడు, డ్యూటీ దిగాక రైలు పట్టాల పక్కన కూర్చుంటున్నాడు, పిలిస్తే వస్తున్నాడు గానీ పిలిచేదాకా రావడం లేదు" అని రాశాడు. ఒక బిడ్డని మట్టిలో పెట్టిన దాన్ని. రెండోవాడు పట్టాల పక్కన కూర్చున్నాడంటే నాకు నిజం అబద్ధం అన్న తేడా కనబడలేదు. కోసి పెట్టిన ఆ అతుకు ఎదురుగా పెట్టుకునే, అది పగిలిందని నీకు రాశాను.

నీకు రాసిందే మీ నాన్నకీ చెప్పాను. మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు ఎక్కడ దొరికిపోతానోనని. ఆయన విన్నారు. ఆ రోజు నుంచి నాతో మాట మానేశారు. కంచం తీసుకుని షెడ్డు గుమ్మంలో కుక్క పక్కన కూర్చుని తినేవారు. నేను ఎదురొస్తే పక్కకి తప్పుకునేవారు. కన్నకూతుర్ని నేనే చంపానని నమ్మిన మనిషి ఇంకెలా ఉంటారు అనుకున్నాను. నిజం చెప్పి ఆయన్ని దక్కించుకోవచ్చు, కానీ నువ్వు నిద్రపోతున్నావు కదా. మింగలేక కక్కలేక అంటారే, అలా ఉండిపోయాను. ఉండగలననే అనుకున్నాను కూడా.

అప్పుడు వచ్చింది నీ ఉత్తరం, ముక్క పంపమని.

సిగ్గు విడిచి రాస్తున్నాను. నీకోసం పగులు తయారుచేయబోయాను. ఆ గూటి రెండో వైపు ముక్క వైసులో బిగించి, పొడుగు పైపు తొడిగి, అటూ ఇటూ వంచాను. చమటలు కారేదాకా వంచాను. చివరికి చిరిగింది. అతుకు కాదు, దాని పక్కన గొట్టం చిరిగింది. అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. నా చేతి పని నామీదే కక్ష కట్టినట్టు నిలబడింది. దొరికిందే చాలనుకుని, ఆ చిరుగు పాతదిలా కనబడాలని ఉప్పునీళ్ళ డబ్బాలో వేసి కిటికీలో పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం మీ నాన్న షెడ్డులోకి వచ్చారు. తిన్నగా కిటికీ దగ్గరికి పోయి డబ్బాలోకి తొంగిచూశారు.

"ఏంటిది?" అన్నారు. అన్నాళ్ళకి ఆయన నోట మొదటి మాట అది.

"తుప్పు" అన్నాను. ఇంకేమనను?

చెయ్యి పెట్టి ముక్క తీశారు. చొక్కా అంచుకి తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఉప్పు తుప్పు ఎర్రగా ఉంటుంది. ఏడాది నాటి పగులు నల్లబడిపోయి ఉంటుంది. పైగా ఇది అతుకు దగ్గర పోలేదు, పక్కన చిరిగింది. వాడు చేతిలోకి తీసుకోగానే పట్టేస్తాడు. నీ కొడుకు, తెలివితక్కువవాడేం కాదు."

"మీకు తెలుసా?" అన్నాను.

"నీకంటే ముందే సుద్ద చల్లాను. యాక్సిడెంటైన వారంలోనే. నువ్వు పిల్ల బట్టలు సర్దుతూ లోపలున్నావు. ఒకసారి చల్లి నమ్మకం కుదరక మళ్ళీ చల్లాను."

"మరి తప్పు నాదని చెప్పినప్పుడు నోరుమూసుకుని ఎందుకు ఊరుకున్నారు?"

"వాడు నిద్రపోతున్నాడన్నావుగా."

"నాతో మాట కూడా మానేశారు!"

"నోరు తెరిస్తే ఎక్కడ నిజం చెప్పేస్తానోనని. నీ అతుకు చెడ్డదని ఎవడైనా అంటే నేనెప్పుడైనా ఊరుకున్నానా? అది నువ్వే అంటుంటే వినలేకపోయాను. అందుకే దూరంగా కూర్చున్నా."

అంత పొడుగు మాట మీ నాన్న నోట మా పెళ్ళిచూపుల్లో కూడా వినలేదు. ఇద్దరం ఆ బల్ల కిందే కూర్చుని ఏడ్చాం. కుక్క వచ్చి మా మధ్యలో పడుకుంది. కూతురు పోయిన తర్వాత మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఎవరికి వాళ్ళం ఏడ్చుకున్నాం, ఎవరికి వాళ్ళం పగులు వెతుక్కున్నాం.

నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదవడం నీకు తెలుసుగా, వేలు పెట్టి ఒక్కో మాటా కదుపుతూ చదువుతారు. రిజర్వాయరు రోడ్డు దగ్గరికొచ్చేసరికి వేలు ఆగిపోయింది.

"ఎవరీ పిల్ల?" అన్నారు.

"క్యాంటీన్‌లో వడ్డిస్తుందట. వాడికి ఇష్టంలా ఉంది."

ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు. "ఆ పిల్లకీ ఒక అమ్మ ఉంటుందిగా" అన్నారు.

అందుకే ఈ ఉత్తరం. పడుకున్న నిన్ను లేపుతున్నాను. అది నాకు తెలుసు, తెలిసే లేపుతున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో ఇనుము చెప్పింది చెప్తాను, విను. బండి వాలిన వైపు ఫుట్‌రెస్టు కొస ఏటవాలుగా అరిగి ఉంది. పడి ఈడ్చుకుపోతే గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. అది అలా లేదు, నున్నగా, ఒకే వాలులో అరిగింది. అంటే పడకముందే బండి అంత కిందికి వాలింది. మలుపులో అంత వాలిందంటే స్పీడు ఎంతుందో నీకు నేను చెప్పాలా? అక్కడ ఇసుక ఉంది, నిజమే. ఎవడో లారీవాడు పోసుకుంటూ పోయాడు. మన పిడుగు ఉద్యోగంలో మొదటిరోజని రెండుసార్లు బట్టలు మార్చి ఆలస్యం చేసింది, అదీ నిజమే. "తొందరగా పోనీరా అన్నయ్యా" అని నీ వీపు మీద గుద్దే ఉంటుంది, దాని సంగతి నాకు తెలియదా? నేనూ గుమ్మంలో నిలబడి "ఇంకా బయల్దేరలేదా" అని అరిచాను. ఇవన్నీ ఉన్నాయి. కానీ ఫ్రేము బాగుంది. బ్రేకు బాగుంది. యాక్సిలేటరు మీద చెయ్యి నీది. ఆ చెయ్యి వదిలి ఉంటే మీ చెల్లి ఇంటికి వచ్చేది.

రాశాను. ఇది రాయడం కంటే నా వేళ్ళు నరుక్కోవడం తేలిక.

నన్ను క్షమించానని నువ్వు రాశావు. నేను నిన్ను క్షమించానో లేదో ఇంతవరకూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నీమీద కోపం ఉంది. చెల్లి బట్టలు మడతపెడుతూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పటికీ కొన్ని రోజులు పొద్దున లేస్తూనే ఆ కోపం వస్తుంది. ఆ వెనకే, వాడు నిన్న ఏమైనా తిన్నాడో లేదో అన్న దిగులూ వస్తుంది. రెండూ రోజూ వస్తాయి. ఒకటి పోతే గానీ రెండోది ఉండకూడదని ఎవరూ నాకు చెప్పలేదు. నిన్ను తప్పు లేనివాడిగా చేసి దగ్గర పెట్టుకోవాలని చూశాను. అది నా తెలివితక్కువతనం. నువ్వు తప్పు చేసినవాడివే. నాకు కావలసినవాడివీ నువ్వే. ఆ పట్టాల పక్కన కూర్చోవాలని మళ్ళీ అనిపిస్తే, నామీద ఒట్టు, ముందు నన్ను వచ్చి తిట్టు. అబద్ధం చెప్పి నిద్రపుచ్చి, నిజం చెప్పి లేపిన దాన్ని. తిట్టడానికి నీ దగ్గర కావలసినంత ఉంది.

ఆ అమ్మాయిని మాత్రం ఇక ఆ మలుపులో పరీక్ష పెట్టకు. ఆమెకి చెల్లి సంగతి చెప్పు. ఆమెని కూర్చోబెట్టుకుని రిజర్వాయరు మలుపులో ఎందుకంత స్పీడు పోయావో కూడా చెప్పు. విని వెళ్ళిపోతే వెళ్ళిపోనీ, ప్రాణాలతో వెళ్తుంది.

వెనక ఎవరూ కూర్చోకుండా ఫ్రేము చెయ్యమన్నావు. చేశాను. అది నా చేతిలో పని. మలుపు రాగానే యాక్సిలేటరు వదిలే చెయ్యి మాత్రం నేను అతికి ఇవ్వలేను. ఒక్క సీటు బండి మీద కూడా అదే మలుపు వస్తుంది, ఎదురుగా ఎవరి పిల్లలో నడిచి వస్తుంటారు. అందుకే టాకాలు వేసి ఆపాను. టాకా అంటే సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఊడిపోతుంది. పూర్తి అతుకు ఇద్దరు పట్టుకుంటే గానీ వేయకూడదు. వేడి పెట్టిన వైపుకి ఇనుము లాగేస్తుంది, రెండో మనిషి అవతలి వైపు చూస్తూ ఉండాలి. చిన్నప్పుడు నువ్వు చూసేవాడివి. వచ్చి పట్టుకుంటే వేద్దాం. వద్దు, సుత్తితో కొట్టేసి తుక్కుకి వేద్దామన్నా వేద్దాం. నీ చేత్తోనే కొట్టు. నువ్వొచ్చేదాకా అది ఆ బల్ల మీదే బిగించి ఉంటుంది.

నువ్వడిగిన ముక్క పంపుతున్నాను. ఉప్పునీళ్ళలో నానేసింది కాదు, దాన్ని మీ నాన్న బావిలో పారేశారు. ఇది అసలుది. నిలువునా కోసి, ఆకురాయి పట్టించి, గుడ్డతో మెరిసేలా తుడిచాను. నువ్వే చూసుకో. గొట్టానికీ గూటికీ మధ్య చుట్టూరా పసుపు గీత ఉంటుంది, వేలితో రాస్తూ పో, ఎక్కడా ఆగదు. దగ్గర పెట్టుకుంటానన్నావు కదా, దీన్నే పెట్టుకో.

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. పోస్టులో వేస్తే నువ్వు గదిలో ఒక్కడివే చదువుతావు. నేనూ బయల్దేరబోతే మీ నాన్న వద్దన్నారు. "నువ్వు ఎదురుగా ఉంటే వాడు నీకోసం బాగున్నట్టు నటిస్తాడు. నా దగ్గర నటించడు" అన్నారు. అది నిజమే. అందుకే ఆయన్నే పంపాను. పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, రైళ్ళు మారి నీ గది వెతుక్కుంటూ వచ్చారు. ఆయన నిన్ను ఓదార్చరు, ఆయనకి రాదు. నువ్వు ఏడిస్తే పక్కన ఉంటారు, అరిస్తే వింటారు. నువ్వు ఎన్నాళ్ళు ఉండమంటే అన్నాళ్ళు ఉంటారు. సంచిలో ఆయన మందులున్నాయి, వేళకి మింగేలా చూడు, లేకపోతే మర్చిపోతారు.

మోకాలు ఎలా ఉందని అడిగావు కదా. బాగాలేదు. మెట్లెక్కితే వాస్తుంది. నువ్వు ఇది చదవడం అయ్యేదాకా ఆయన కూర్చోరు, నాకు తెలుసు. తలుపు దగ్గరే నిలబడి ఉంటారు. తల పైకెత్తు నాన్నా. ముందు ఆయన్ని కూర్చోమను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ